జాన్ పీల్ మరణం, శ్రోతల దుఃఖం: బ్రిటన్ రేడియో చరిత్రలో ఒక ఘట్టం

5.1 పరిచయం

2004 అక్టోబర్ 26, మంగళవారం. ఆ రోజు బి.బి.సి. రేడియో 1 తన మామూలు కార్యక్రమాలను పక్కన పెట్టి ఒక మరణవార్త ప్రకటించింది. అంతకు ముందు రోజు దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, కుస్కో పట్టణంలో జాన్ పీల్ గుండెపోటుతో మరణించాడు. ఆయన వయస్సు 65 ఏళ్ళు. ఒక దినపత్రికకు యాత్రావ్యాసం రాసే పని మీద భార్యతో కలిసి అక్కడికి వెళ్ళాడు. ఆ వార్త తరువాత రేడియో 1లో ఆయన ఇష్టపడిన పాటలు, ఆయన్ని ఎరిగినవారి మాటలు వినిపిస్తూ పోయాయి. ప్రధానమంత్రి టోనీ బ్లెయిర్ సంతాపం తెలిపాడు. పేరున్న సంగీతకారులు తెలిపారు. ఏనాడూ ఒక్క రికార్డు కూడా అమ్ముడుపోని బ్యాండ్లలో వాయించి, తరువాత ఏదో ఉద్యోగంలో స్థిరపడిన నడివయసు వాళ్ళు కూడా తెలిపారు.

జాన్ పీల్ రాజకీయ నాయకుడు కాదు. గాయకుడో స్వరకర్తో కాదు. ఆయన డిస్క్ జాకీ. రాత్రి పది దాటాక, చాలా ఇళ్ళలో దీపాలు ఆర్పే వేళకు, పగటిపూట రేడియోలో చోటు దొరకని పాటలను ఎంచి వినిపించేవాడు. అటువంటి మనిషి పోతే ఒక దేశం తన ఇంటి మనిషి పోయినంతగా ఎందుకు బాధపడింది? ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే. దీనికి జవాబు ఆయన మంచితనంలో కొంత ఉండవచ్చు. బ్రిటన్ ప్రసార వ్యవస్థ చరిత్రలో ఎక్కువ భాగం ఉంది.

ఇక్కడ విద్యార్థులు ఒక జాగ్రత్త పాటించాలి. మరణానంతరం రాసిన మాటలు చరిత్రకారుడికి విలువైన ఆధారాలే కానీ, అవి ఒక వైపుకు వాలి ఉంటాయి. చచ్చినవాని కండ్లు చారెడు అని మన సామెత. పోయినవారిని గురించి చెప్పేటప్పుడు ఉన్నదానికి కొంత కలుస్తుంది, లేనిది కొంత మరుగున పడుతుంది. 2004 నాటి సంతాప సందేశాలను చదివేటప్పుడు ఈ సామెతను పక్కన పెట్టుకోండి. పాఠం చివరి భాగంలో మళ్ళీ దీని అవసరం వస్తుంది.

5.2 గుత్తాధిపత్యం, సూది సమయం, సముద్రం మీది రేడియోలు

బ్రిటన్ గడ్డ మీద 1970ల ఆరంభం దాకా రేడియో ప్రసారం చేసే హక్కు బి.బి.సి. ఒక్కదానికే ఉండేది. ఈ గుత్తాధిపత్యంతో పాటు మరొక కట్టడి కూడా పనిచేసేది. దాన్ని వాళ్ళు 'నీడిల్ టైమ్' అనేవారు, అంటే సూది సమయం. గ్రామఫోన్ సూది రికార్డు మీద తిరిగే గంటలన్న మాట. రికార్డు కంపెనీల సంస్థకూ, సంగీతకారుల యూనియన్‌కూ, బి.బి.సి.కీ మధ్య కుదిరిన ఒప్పందాల ప్రకారం రోజుకు ఇన్ని గంటలకు మించి రికార్డులు వేయరాదు. రికార్డులే రోజంతా తిరుగుతుంటే వాద్యగాళ్ళకు పని ఎవరిస్తారన్నది యూనియన్ భయం. అందువల్ల మిగిలిన సమయాన్ని బి.బి.సి. సొంత వాద్యబృందాలతో, స్టూడియోలో ప్రత్యేకంగా పాడించిన పాటలతో నింపేది. బీటిల్స్ పాట వినాలనుకున్న కుర్రవాడికి ఏదో నృత్యబృందం వాయించిన ఆ పాట నకలు వినిపించేది.

ఈ లోటును ఓడలు పూరించాయి. 1964 మార్చి నెలాఖరులో 'రేడియో కారొలైన్' అనే కేంద్రం ఇంగ్లండు తీరానికి దూరంగా, ప్రభుత్వ అధికార పరిధికి ఆవల లంగరు వేసిన ఓడ నుంచి పాప్ సంగీతం ప్రసారం చేయడం మొదలుపెట్టింది. ఆ ఏడాది చివర 'రేడియో లండన్' కూడా మరొక ఓడ మీద వెలసింది. పత్రికలు వీటిని పైరేట్ రేడియోలు, అంటే సముద్రపు దొంగల రేడియోలు అన్నాయి. యువతరం ట్రాన్సిస్టర్లను ఆ వైపు తిప్పింది.

ఈ కథ మనకు బొత్తిగా కొత్తది కాదు. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు కనుమరుగయ్యాయి. శ్రోతలు సముద్రానికి అవతల ఉన్న రేడియో సిలోన్‌కు మళ్ళారు. చివరకు 1957 అక్టోబర్ 3న ఆకాశవాణే వివిధభారతిని ప్రారంభించి వారిని వెనక్కి పిలుచుకోవలసి వచ్చింది. బ్రిటన్‌లోనూ ఇటువంటిదే జరిగింది. ప్రభుత్వం ఒక చట్టం చేసి 1967 ఆగస్టులో ఓడ రేడియోల గొంతు నొక్కింది. రేడియో లండన్ ఆగస్టు 14న మూతపడింది. ఆరు వారాల తరువాత, సెప్టెంబర్ 30న, బి.బి.సి. తన సొంత పాప్ కేంద్రమైన రేడియో 1ను ప్రారంభించింది. అందులో చేరిన డీజేలలో చాలామంది నిన్నటి దొంగ ఓడల మీది వాళ్ళే. జాన్ పీల్ వారిలో ఒకడు.

5.3 పత్తి వ్యాపారి కొడుకు

ఆయన అసలు పేరు జాన్ రాబర్ట్ పార్కర్ రావెన్స్‌క్రాఫ్ట్. 1939 ఆగస్టు 30న లివర్‌పూల్ సమీపంలోని హెస్వాల్‌లో పుట్టాడు. తండ్రి పత్తి వ్యాపారి. చదువు ష్రూస్‌బరీలోని ఖరీదైన బోర్డింగ్ స్కూల్లో సాగింది. తరువాత నిర్బంధ సైనికసేవలో రెండేళ్ళు రాడార్ పని చేశాడు. 1960లో తండ్రి వ్యాపార పరిచయాల ఆసరాతో అమెరికాలోని టెక్సాస్‌కు వెళ్ళి, పత్తి సంస్థలో, ఆ తరువాత బీమా పనిలో కాలం గడిపాడు.

ఆయన్ని రేడియోకు తీసుకువెళ్ళింది ప్రతిభ కన్నా యాస అనే చెప్పాలి. 1964లో బీటిల్స్ అమెరికాను ఊపేస్తున్నప్పుడు, లివర్‌పూల్ వైపు నుంచి వచ్చిన మనిషి ఎవరైనా సరే డల్లాస్ రేడియోకు ముద్దే. అక్కడి ఒక కేంద్రం ఆయన్ని బీటిల్స్ నిపుణుడిగా మాట్లాడించింది. ఆ దారిలోనే ఒక్లహోమా, కాలిఫోర్నియా కేంద్రాలలో డీజే ఉద్యోగాలు దొరికాయి. 1967 మొదట్లో ఇంగ్లండుకు తిరిగి వచ్చి రేడియో లండన్ ఓడ ఎక్కాడు. రావెన్స్‌క్రాఫ్ట్ అన్న పేరు నోరు తిరగదని అక్కడివాళ్ళు జాన్ పీల్ అని మార్చారు.

ఓడ మీద ఆయనకు దక్కినది అర్ధరాత్రి నుంచి రెండు గంటల సమయం. ఆ వేళకు యాజమాన్యం వినదు, ప్రకటనల వాళ్ళు పట్టించుకోరు. 'ది పర్‌ఫ్యూమ్డ్ గార్డెన్' అని పేరు పెట్టి, జనాదరణ పట్టికలతో సంబంధం లేకుండా తనకు నచ్చినవి వేయసాగాడు. కవిత్వం చదివేవాడు, శ్రోతల ఉత్తరాలు చదివేవాడు. ఎవరూ చూడని వేళలో దొరికిన ఈ స్వేచ్ఛను ఆయన తరువాతి 37 ఏళ్ళూ వదలలేదు.

5.4 మైదా వేల్ స్టూడియోలు

రేడియో 1 మొదలైన వారంలోనే పీల్ 'టాప్ గేర్' అనే కార్యక్రమంలో చేరాడు. నిర్మాత బెర్నీ ఆండ్రూస్ ఆయన్ని పట్టుబట్టి నిలబెట్టాడు. 1969 నుంచి 1991 దాకా జాన్ వాల్టర్స్ నిర్మాతగా ఉన్నాడు. పీల్‌ను గురించి రాసేవారు చాలాసార్లు వాల్టర్స్‌ను రెండు వాక్యాలలో దాటవేస్తారు. ఇది సరికాదు. సంస్థ లోపల అధికారులతో పోట్లాడి, కార్యక్రమానికి డబ్బు, సమయం, స్టూడియో సంపాదించినది నిర్మాతే. మైకు ముందు ఉన్న గొంతు మాత్రమే జనానికి తెలుస్తుంది. దాని వెనుక కాగితాల మీద జరిగిన యుద్ధం తెలియదు.

ఇంతకుముందు చెప్పిన సూది సమయం నిబంధన ఇక్కడ విచిత్రమైన ఫలితాన్నిచ్చింది. రికార్డులు ఎక్కువ వేయరాదు కాబట్టి బ్యాండ్లను పిలిచి స్టూడియోలో వాయించాలి. పగటి కార్యక్రమాలకు ఇది తలనొప్పిగా ఉండేది. పీల్, ఆయన నిర్మాతలు దీన్నే తలుపుగా మార్చుకున్నారు. రికార్డు కంపెనీ ఒప్పందం లేని బ్యాండును కూడా పిలవవచ్చు గదా! వీటినే 'పీల్ సెషన్లు' అన్నారు. ఎక్కువగా లండన్‌లోని బి.బి.సి. మైదా వేల్ స్టూడియోలలో ఇవి జరిగేవి. పద్ధతి ఇది: బ్యాండు తన వాద్యాలను వ్యానులో వేసుకుని వస్తుంది. సాధారణంగా నాలుగు పాటలు రికార్డు చేస్తుంది. రికార్డింగూ, శబ్దాల కూర్పూ ఆ ఒక్క రోజులోనే ముగిసిపోవాలి. దిద్దుకోవడానికి తీరిక ఉండదు. అందువల్ల చాలా సెషన్లలో పాట పచ్చిగా, గరుకుగా, ఉన్నది ఉన్నట్టుగా వినిపిస్తుంది. యూనియన్ రేటు ప్రకారం పారితోషికం ముట్టేది. చాలా బ్యాండ్లకు సంగీతం మీద వచ్చిన మొదటి సొమ్ము అదే. ఇంకొక సంగతి కూడా గమనించండి: పీల్ సాధారణంగా ఆ రికార్డింగులకు వెళ్ళేవాడు కాదు. ఆయన పని ఎంచడం, వినిపించడం. మధ్యలో తలదూర్చడం కాదు.

ఈ విధంగా నాలుగు వేలకు పైగా సెషన్లు, రెండు వేలకు పైగా కళాకారులతో జరిగాయి. సియౌక్సీ అండ్ ద బన్షీస్ 1977లో రికార్డు ఒప్పందం లేకుండానే వాయించింది. జాయ్ డివిజన్ 1979లోనూ, ద స్మిత్స్ 1983లోనూ వచ్చాయి. మాంచెస్టర్‌కు చెందిన ద ఫాల్ అనే బ్యాండు 24 సెషన్లు చేసింది, పీల్‌కు అన్నిటికన్నా ఇష్టమైన బ్యాండు అదే. 1981లో షెఫీల్డ్‌లో జార్విస్ కాకర్ అనే స్కూలు విద్యార్థి పీల్ చేతిలో ఒక క్యాసెట్టు పెట్టాడు. ఆ ఏడాదే ఆ పిల్లల బ్యాండు 'పల్ప్' మైదా వేల్ చేరింది. పల్ప్ దేశమంతటా పేరు తెచ్చుకోవడానికి మరో పదేళ్ళకు పైగా పట్టింది.

వాద్యగాళ్ళ జీవనోపాధిని కాపాడడానికి పెట్టిన ఒక నిబంధన, ఎవరికీ తెలియని వాద్యగాళ్ళకు దారి అయింది. దాన్ని రాసినవారు దీన్ని ఊహించి ఉండరు. సంస్థల చరిత్ర చదివేటప్పుడు ఇటువంటి అనుకోని ఫలితాల మీద ఒక కన్ను వేసి ఉంచాలి.

5.5 రెండు పట్టికలు చెప్పే కథ

పీల్ అభిరుచి ఒక్కచోట ఆగలేదని అందరూ అంటారు. దీనికి మంచి ఆధారం ఆయన శ్రోతలే తయారు చేశారు. డిసెంబరులో శ్రోతలు ఓట్లు వేసి తమకిష్టమైన 50 పాటలను ఎన్నుకునే ఆచారం 1976లో మొదలైంది. పేరు 'ఫెస్టివ్ ఫిఫ్టీ'. 1976 పట్టికలో మొదటి స్థానం లెడ్ జెప్లిన్ వారి 'స్టెయిర్‌వే టు హెవెన్'కు దక్కింది. సుదీర్ఘమైన, మెరుగులు దిద్దిన రాక్ సంగీతం అది. 1978 పట్టికలో మొదటి స్థానం సెక్స్ పిస్టల్స్ వారి 'అనార్కీ ఇన్ ద యూ.కే.'ది. రెండేళ్ళలో శ్రోతల లోకం తలకిందులైంది.

ఆ రెండేళ్ళలో జరిగింది పంక్. 1976లో అమెరికా బ్యాండు రామోన్స్ తొలి రికార్డును పీల్ వరుసగా వేయడం మొదలుపెట్టాడు. పాత శ్రోతలు కోపంతో ఉత్తరాలు రాశారు. ఇంత మొరటు మోత వేయవద్దన్నారు. ఆయన తగ్గలేదు. తన శ్రోతల సగటు వయస్సు నెల రోజుల్లో పదేళ్ళు పడిపోయిందని తరువాత చెప్పుకునేవాడు. ఆ లెక్కను మనం సరదా మాటగానే తీసుకోవాలి, కానీ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట దిశ తప్పు కాదని తెలుస్తుంది. అప్పటికి ఆయన వయస్సు 37. ఆ వయస్సులో చాలామంది తమ యౌవనంలో విన్న పాటలే గొప్పవని స్థిరపడిపోతారు. (ఇది బ్రిటన్ వాళ్ళకే పరిమితమైన జబ్బు కాదు. ఘంటసాల తరువాత పాట లేదనే పెద్దలు మన ఇళ్ళలో లేరా?)

ఆయన రెగ్గే వేశాడు, జింబాబ్వేకు చెందిన భుందు బాయ్స్ సంగీతం వేశాడు, హిప్‌హాప్, టెక్నో వేశాడు. అయితే శ్రోతల పట్టికలో మాత్రం గిటార్లు పట్టుకున్న తెల్ల కుర్రవాళ్ళే ఏళ్ళ తరబడి నిండిపోయేవారు. దీని మీద పీల్‌కు విసుగు. 1991లో పట్టిక మరీ అటువంటిదే వచ్చిందని ఆ ఏడాది ప్రసారమే చేయలేదు, తరువాత 1993లో వారానికొక పాట చొప్పున వినిపించాడు. అంటే, శ్రోతలూ ఆయనా ఒకే మనస్సు కలవారని సంతాప వ్యాసాలు చెప్పిన మాట పూర్తిగా నిజం కాదు. ఆయన్ని ప్రేమించినవారిలో చాలామంది ఆయన వేసిన సంగీతంలో సగాన్ని భరించినవారే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సూది సమయం నిబంధనకూ పీల్ సెషన్లకూ ఉన్న సంబంధాన్ని ఐదారు వాక్యాలలో రాయండి. 1976, 1978 పట్టికలను చరిత్రకారుడు ఏ విధంగా ఉపయోగించుకోవచ్చు?

5.6 డెర్రీ పట్టణం నుంచి వచ్చిన పాట

పీల్ మరణవార్త వచ్చిన ఆ వారంలో రేడియోలో మళ్ళీ మళ్ళీ వినిపించిన పాట ఒకటుంది: 'టీనేజ్ కిక్స్'. రెండున్నర నిమిషాల పాట. దాన్ని రూపొందించినది ఉత్తర ఐర్లండులోని డెర్రీ పట్టణానికి చెందిన 'ది అండర్‌టోన్స్' అనే కుర్రవాళ్ళ బ్యాండు. ఆ రోజుల్లో డెర్రీ పేరు వార్తల్లో వచ్చేది సైనికుల కాల్పులకో, బాంబు పేలుళ్ళకో మాత్రమే. ఇంగ్లండులో ఆ ఊరి కుర్రవాడంటే అనుమానం. పాట మాత్రం వయసులో ఉన్న ఒక అబ్బాయి ఒక అమ్మాయిని చూసి పడే తహతహ. అందులో బాంబు లేదు, సైనికుడు లేడు.

బెల్‌ఫాస్ట్‌లో టెర్రీ హూలీ నడిపే గుడ్ వైబ్రేషన్స్ అనే చిన్న సంస్థ 1978లో ఆ పాటను విడుదల చేసింది. లండన్ కంపెనీలు దాన్ని వద్దన్నాయి. సెప్టెంబరులో రికార్డు పీల్‌కు చేరింది. ఆయన దాన్ని వేశాడు, ముగిసిన వెంటనే మళ్ళీ మొదటి నుంచి వేశాడు. బి.బి.సి.లో ఒకే పాటను వరుసగా రెండుసార్లు వేయడం అంతవరకు వినని సంగతి. కొద్ది వారాలలోనే అమెరికా కంపెనీ ఒకటి వారితో ఒప్పందం చేసుకుంది, పాట జాతీయ పట్టికలో 31వ స్థానం దాకా వెళ్ళింది. 31 అంటే పెద్ద విజయమేమీ కాదు. పీల్‌కు మాత్రం జీవితాంతం అదే అత్యుత్తమమైన పాట. ఆ పాటలోని ఒక పంక్తిని తన సమాధి మీద చెక్కించమని చెప్పేవాడు.

డెర్రీ కుర్రవాళ్ళ వైపు నుంచి ఈ సంఘటనను చూడాలి. రాజధానిలో కూర్చున్న ప్రభుత్వ రేడియో, తమ ఊరిని శాంతిభద్రతల సమస్యగా కాక, ఒక పాట పుట్టిన చోటుగా చూసింది. ఆ బ్యాండు గాయకుడు ఫియర్గల్ షార్కీ 2004లో ఎంత కదిలిపోయి మాట్లాడాడో అర్థం కావాలంటే ఈ నేపథ్యం తెలియాలి. షెఫీల్డ్, మాంచెస్టర్, గ్లాస్గో, వేల్స్ పట్టణాల సంగతీ ఇంతే. బొగ్గు గనులు, ఉక్కు మిల్లులు మూతపడుతున్న 1980లలో, లండన్‌కు దూరంగా ఉన్న ఊళ్ళలో పని లేని యువకులు వాద్యాలు పట్టుకున్నారు. వాళ్ళ క్యాసెట్టును ఎవరో ఒకరు వింటారన్న నమ్మకం ఉండేది. ఆ ఒకరు పీల్.

5.7 గొంతు, ఆ గొంతు లేని రోజులు

పీల్ మాట్లాడే తీరు డీజేల తీరు కాదు. ఆ కాలపు డీజేలు హుషారుగా, వేగంగా, ఎప్పుడూ నవ్వుతున్నట్టు మాట్లాడేవారు. ఈయనది నిదానమైన, కొంచెం దిగులు కలిసిన గొంతు. రికార్డును తప్పు వేగంలో వేసి, సగం దాకా గమనించక, తరువాత క్షమాపణ చెప్పుకునేవాడు. పాటల మధ్యలో భార్య షీలా, నలుగురు పిల్లలు, లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు, సఫోక్ జిల్లాలోని తమ పల్లెటూరి ఇల్లు, ఇవే కబుర్లు. 1989 ఏప్రిల్‌లో హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట జరిగి లివర్‌పూల్ అభిమానులు పెద్ద సంఖ్యలో చనిపోయారు. తరువాతి కార్యక్రమంలో ఆ జట్టు గీతాన్ని అరెతా ఫ్రాంక్లిన్ గొంతులో వేసి, మైకు ముందే ఏడ్చాడు. విన్నవారు దాన్ని మరచిపోలేదు.

రేడియో వినడం సాధారణంగా ఒంటరి పని, రాత్రి రేడియో అయితే మరీను. పడక మీద ట్రాన్సిస్టర్‌ను చెవి దగ్గర పెట్టుకున్న పదిహేనేళ్ళ పిల్లకు ఆ మనిషి తనతోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అటువంటివాళ్ళు లక్షల మంది ఉన్నారని ఆమెకు తెలియదు. 2004 అక్టోబరులో వాళ్ళందరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసింది. ఆ సంతాపంలో నాకు విశేషంగా తోచేది ఇదే: తమకు మాత్రమే తెలిసిన మనిషి అనుకున్నవాడు అందరికీ తెలిసినవాడని తేలడం. అందులో దుఃఖంతో పాటు కొంత ఆశ్చర్యం ఉంది. నిజానికి 1998లో ఆయనకు ప్రభుత్వ గౌరవం ఓ.బి.ఇ. లభించింది, అదే ఏడాది రేడియో 4లో కుటుంబ విషయాల మీద 'హోమ్ ట్రూత్స్' అనే శనివారపు కార్యక్రమం మొదలై పెద్దవయసు శ్రోతలనూ తెచ్చింది. 2002లో బి.బి.సి. జరిపిన వంద మంది మహాబ్రిటన్ల ఓటింగులో 43వ స్థానంలో నిలిచాడు. వరల్డ్ సర్వీస్ ద్వారా, జర్మనీలోని బ్రిటిష్ సైనికుల రేడియో ద్వారా విదేశాల్లోనూ ఆయన గొంతు వినబడేది.

దుఃఖంలో కోపం కూడా ఉంది. 2004లో రేడియో 1 ఆయన కార్యక్రమాన్ని రాత్రి పది నుంచి పదకొండుకు జరిపింది. ముగిసేసరికి ఒంటిగంట. మధుమేహం ఉన్న మనిషి, వయస్సు అరవై దాటింది, ఇల్లు లండన్‌కు దూరం. ఆ మార్పు ఆయన్ని బాగా అలసిపోయేలా చేసిందని సాటి ప్రసారకుడు, మిత్రుడు ఆండీ కెర్షా బహిరంగంగా విమర్శించాడు. గుండెపోటుకు దాన్ని కారణంగా చూపడం చరిత్రకారుడి పని కాదు. కానీ సంతాపం తెలిపిన సంస్థ మీదే శ్రోతలకు అసంతృప్తి ఉండిందన్నది నమోదు చేయవలసిన విషయం.

అంత్యక్రియలు నవంబర్ 12న బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణంలోని కెథెడ్రల్‌లో జరిగాయి. వెయ్యి మందికి పైగా వచ్చారు. శవపేటికను బయటికి తెస్తున్నప్పుడు ఆ రాతి కట్టడంలో 'టీనేజ్ కిక్స్' మోగింది. తరువాత గ్రేట్ ఫిన్‌బరో అనే ఆ పల్లెలోని చర్చి ఆవరణలో ఖననం చేశారు. ఆయన కోరిన పంక్తి సమాధి రాయి మీదికి 2008లో చేరింది. అంతకుముందే ఎవరో అదే పంక్తిని బెల్‌ఫాస్ట్‌లో ఒక ఫ్లైఓవర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు. 2013లో దాని మీద సున్నం వేయగా ఊరి జనం గొడవ చేశారు.

2005 అక్టోబర్ 13న, ఆయన చివరి ప్రసారానికి ఏడాది నిండిన సందర్భంలో, 'జాన్ పీల్ డే' జరిపారు. బ్రిటన్ అంతటా చిన్న హాళ్ళలో, పబ్బులలో చిన్న బ్యాండ్లు వాయించాయి. గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో కొత్త బ్యాండ్ల వేదికకు అదే ఏడాది ఆయన పేరు పెట్టారు. ఆయన సగంలో వదిలిన ఆత్మకథను షీలా పూర్తి చేయగా 2005లోనే వెలువడింది.

5.8 సంతాపం చెప్పని విషయాలు

ఇప్పుడు మన సామెత దగ్గరకు రావాలి. పీల్ అమెరికాలో ఉన్నప్పుడు, 1965లో, టెక్సాస్‌కు చెందిన అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికి ఆమె వయస్సు 15, ఆయన వయస్సు 26. ఆమె వయస్సు తనకు సరిగా చెప్పలేదని ఆయన తరువాత అన్నాడు. ఆ రోజుల్లో చాలా చిన్న వయస్సు అమ్మాయిలతో తనకున్న సంబంధాలను గురించి ఆయనే పత్రికల వారితో తేలికగా మాట్లాడాడు. ఇవన్నీ ఆయన బతికి ఉండగానే అచ్చయినవి. 2004లో దాదాపు ఎవరూ వాటిని ఎత్తలేదు.

2012లో బి.బి.సి. మరొక ప్రముఖ ప్రసారకుడు జిమ్మీ శావిల్ దశాబ్దాల పాటు పిల్లల మీద జరిపిన లైంగిక దురాగతాలు బయటపడ్డాయి. దేశం ఆ కాలపు రేడియో ప్రపంచాన్నంతా తిరిగి చూసుకోవడం మొదలుపెట్టింది. ఆ సమయంలోనే, 1969లో తనకు 15 ఏళ్ళున్నప్పుడు పీల్‌తో సంబంధం ఉండేదని ఒక మహిళ పత్రికకు చెప్పింది. పీల్ జవాబు చెప్పడానికి లేడు. అదే ఏడాది లండన్‌లోని బ్రాడ్‌కాస్టింగ్ హౌస్‌లో ఒక భాగానికి పెట్టిన ఆయన పేరు మీద చర్చ లేచింది. గ్లాస్టన్‌బరీ వేదిక పేరు కూడా 2023లో 'వుడ్సీస్'గా మారింది.

ఈ రెండింటినీ ఎలా కలిపి చదవాలి? కొందరు పాత దుఃఖమంతా మోసమని కొట్టివేస్తారు. కొందరు పాటల గురించి మాట్లాడేచోట ఈ ప్రస్తావన ఎందుకంటారు. రెండూ తొందరపాటే అని నా అభిప్రాయం. మైదా వేల్‌లో నాలుగు వేల సెషన్లు జరిగిన మాట నిజం, ఆ పదిహేనేళ్ళ అమ్మాయిల వయస్సూ నిజం. ఒకటి రెండవదాన్ని చెరిపివేయదు. మరణించిన వారంలో రాసినవారికి మొదటిది మాత్రమే కనిపించింది. అలా ఎందుకు కనిపించిందో కూడా చరిత్రలో భాగమే: అచ్చులో ఉన్నదాన్ని కూడా ఆ తరం సరదా కబురుగానే చదివింది.

5.9 ఇంటి క్యాసెట్లు

పీల్ ఇంట్లో 26,000 ఎల్.పి. రికార్డులు, దాదాపు 40,000 చిన్న రికార్డులు, వాటికి తోడు సీడీలు పోగుపడ్డాయి. ఒక్కొక్క ఎల్.పి.కి ఒక కార్డు రాసి పెట్టుకునేవాడు. 2012లో ఆ సేకరణలో కొంత భాగాన్ని అక్షరక్రమంలో ఇంటర్నెట్‌లో చూసే వీలు కల్పించారు. సెషన్ల టేపులు చాలావరకు బి.బి.సి. దగ్గర భద్రంగా ఉన్నాయి. కొన్ని 1986 నుంచి 'స్ట్రేంజ్ ఫ్రూట్' అనే సంస్థ ద్వారా రికార్డులుగా వచ్చాయి.

కానీ ఆయన కార్యక్రమాలు, అంటే రెండు గంటల పాటు సాగిన మాటలు, తప్పులు, ఉత్తరాలు, కబుర్లు కలిసిన అసలు ప్రసారాలు, వాటిలో ఎక్కువ భాగాన్ని సంస్థ దాచలేదు. రాత్రి కార్యక్రమం రేపటికి ఎందుకని అనుకున్నారు. వాటిని దాచింది శ్రోతలు. 1970లు, 80లలో పిల్లలు రేడియో పక్కన క్యాసెట్ రికార్డర్ పెట్టి నచ్చిన పాటలు పట్టుకునేవారు. టేపు ఖర్చు కలిసిరావాలని పీల్ మాటలు మొదలవగానే ఆపు మీట నొక్కేవారు కొందరు. అలా చేసినందుకు తరువాత ఎంతో బాధపడ్డారు. నొక్కని వారి క్యాసెట్లు అటకల మీద, షెడ్లలో, అట్టపెట్టెలలో పడి ఉన్నాయి. పీల్ పోయాక వాళ్ళు వాటిని దించి, దుమ్ము దులిపి, కంప్యూటరులోకి ఎక్కించి, తేదీలు కట్టి, ఒకరి దగ్గర తెగిపోయిన గంటను మరొకరి టేపుతో అతికి, ఒక సామూహిక భాండాగారం తయారు చేశారు. డిసెంబరు పట్టికను కూడా 2006 నుంచి 'డాండెలియన్ రేడియో' అనే శ్రోతల ఇంటర్నెట్ కేంద్రం కొనసాగిస్తోంది.

ఆ టేపులలో ఒక్కొక్కచోట పాట మధ్యలో తల్లి వంటింట్లోంచి పిలిచిన కేక, తలుపు చప్పుడు, కుక్క అరుపు పడి ఉంటాయి. అప్పట్లో రేడియో ఎక్కడ, ఎవరి మధ్య వినేవారో చెప్పే ఆధారాలు అవే.

కృత్యం: మీ ఇంట్లో లేదా వీధిలో 1990కి ముందు రేడియోను క్రమం తప్పక విన్న ఒక పెద్దవారితో మాట్లాడండి. వారికి గుర్తున్న ఒక రేడియో గొంతు ఎవరిది, ఏ వేళకు, ఏ గదిలో, ఎవరితో కలిసి వినేవారు, ఆ గొంతు ఆగిపోయినప్పుడు ఎలా తెలిసింది అన్నది అడిగి రెండు పేజీలలో రాయండి. వారు చెప్పిన దానిలో సరిచూడగలిగినవి ఏవో, వారి జ్ఞాపకం మీదే ఆధారపడవలసినవి ఏవో విడిగా గుర్తించండి.